టెస్టర్ రెండు కన్నాల్లోనూ వెలుగుతోంది, ఫ్యాను మాత్రం తిరగదు. కరెంటు ఉన్నట్టా, లేనట్టా?

హాలు_వెలుగు (ప్రశ్న)

పాత డాబా ఇల్లు, సింగిల్ ఫేజ్ సర్వీసు. మీటరు నుంచి డీబీకి (ఇంటి వైర్లన్నీ మొదలయ్యే పెట్టె) వచ్చి అక్కడో మెయిన్ స్విచ్చు, దాని కింద నాలుగు ఎంసీబీలు (కరెంటు హద్దు దాటితే వాటంతటవే పడే స్విచ్చులు). ఆర్సీసీబీ (కరెంటు నేలకి లీకైతే ఆపేసే స్విచ్చు) లేదు. నిన్న సాయంత్రం నుంచి హాల్లో, పక్కనున్న ముందుగదిలో లైట్లు, ఫ్యాన్లు, ప్లగ్గులు అన్నీ ఆగిపోయాయి. వంటగది, పడకగది మామూలుగానే ఉన్నాయి. ఎంసీబీ ఏదీ పడలేదు. ఒకసారి అన్నీ దించి మళ్లీ ఎత్తి చూశాను, తేడా లేదు.

హాలు ప్లగ్గులో కుడి కన్నంలో టెస్టర్ పెడితే వెలిగింది. ఎడమ కన్నంలో పెడితే అక్కడా వెలిగింది. మల్టీమీటరు ఏసీ 750 రేంజిలో పెట్టి చూస్తే వచ్చిన రీడింగులు:

కుడి, ఎడమ మధ్య: 2 ఓల్టులు
కుడి, పై ఎర్త్ మధ్య: 231
ఎడమ, పై ఎర్త్ మధ్య: 228

సందేహాలు మూడు. రెండు కన్నాల్లోనూ కరెంటు వస్తుంటే ఏదీ ఎందుకు పనిచేయట్లేదు? హోల్డరుకి బల్బు పెట్టి కుడి కన్నానికీ ఎర్త్‌కీ కలిపితే బ్రహ్మాండంగా వెలిగింది, కాబట్టి ఎడమ కన్నాన్ని ఎర్త్‌కి కలిపేస్తే సరిపోతుందని తెలిసినాయన ఒకరు చెప్పారు, కలపొచ్చా? పడకగదిలో ఒక ఎల్ఈడీ బల్బు స్విచ్చు ఆపినా మినుకుమినుకుమంటోంది, దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

ఓమ్_శాంతి

రెండో ప్రశ్నకు జవాబు ముందు: కలపకండి. ఎందుకో కింద ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. నేను మొదటిదానికి చెప్తాను.

మీ హాలు సర్క్యూట్‌కి న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, తెగింది. మీరు రాసిన మూడు రీడింగుల్లోనే అది ఉంది.

ఓల్టేజీ అంటే ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడా. "ఈ వైరులో 230 ఉంది" అన్నప్పుడు "నేలతో పోలిస్తే" అన్న ముక్కని మింగేసి మాట్లాడుతుంటాం. కుడి కన్నం నేల కంటే 231 ఎత్తున ఉంది, ఎడమ కన్నం 228 ఎత్తున ఉంది. ఇద్దరూ మేడ మీదే ఉంటే ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి దిగడానికి మెట్లేం ఉంటాయి? ఫ్యాను ఉండేది ఆ రెండు కన్నాల మధ్య. దానికి దొరికింది 2 ఓల్టులు. రెండు వైపులా ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) వస్తే కరెంటు రెట్టింపు కాదు, సున్నా అవుతుంది.

ఇక ఎడమ కన్నంలోకి ఫేజ్ ఎలా వచ్చిందంటే, మీ హాల్లో ఆన్‌లో ఉన్న వస్తువు గుండానే. ఫేజ్ స్విచ్చు దాటి ఫ్యాను వైండింగులోకి వెళ్తుంది, అక్కడ్నుంచి న్యూట్రల్ వైరులోకి వస్తుంది, ఆ వైరు డీబీ దాకా అతుక్కుని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరిగిపోతుంది. మధ్యలో తెగింది కాబట్టి పోవడానికి దారి లేదు. కరెంటు పారనప్పుడు ఫ్యానులో ఓల్టేజీ పడిపోవడం ఉండదు (ఓల్టేజీ పడేది కరెంటు పారితేనే), అందుకని అటు చివర ఉన్న 230 యథాతథంగా ఇటు చివర కూడా కనిపిస్తుంది. మన ఎలక్ట్రీషియన్లు "రిటర్న్ వస్తోంది" అనేది దీన్నే.

టెస్టర్ మీద కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని నమ్మే చాలామంది దారి తప్పుతారు. లోపల ఒక నియాన్ దీపం, దానికి సిరీస్‌లో పది లక్షల ఓమ్‌ల చుట్టుపక్కల ఒక రెసిస్టరు ఉంటాయి. మీ వేలి నుంచి ఒంటి మీదుగా నేలకి సర్క్యూట్ పూర్తవుతుంది. దాంట్లో పారేది మిల్లీ ఆంపియరులో ఐదో వంతు కంటే తక్కువ. 75 వాట్ల ఫ్యానుకి కావాల్సింది 0.33 ఆంపియరు, అంటే దాదాపు 2000 రెట్లు. టెస్టర్ వెలిగిందంటే ఆ చోట నేలకంటే ఓ 70, 80 ఓల్టులైనా ఎక్కువ ఉందని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. ఆ వైరు 5 ఆంపియర్లు మోయగలదని కాదు, అది ఫేజ్ వైరే అని కూడా కాదు.

నిర్ధారణకి: హాలు, ముందుగది స్విచ్చులన్నీ ఆపండి, టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఛార్జర్లు పీకేయండి. స్టాండ్‌బైలో ఉన్న టీవీ ఒక్కటి చాలు టెస్టర్ని వెలిగించడానికి, కాబట్టి పీకేయాల్సిందే. అప్పుడు ఎడమ కన్నంలో టెస్టర్ ఆరిపోవాలి. ఒక్క ఫ్యాను స్విచ్చు వేయగానే మళ్లీ వెలగాలి. అలా జరిగితే న్యూట్రల్ తెగినట్టే, ఇంకో కారణం వెతకక్కర్లేదు.

ఈలోగా జాగ్రత్త: స్విచ్చు ఆపి బల్బు మార్చొచ్చు అనే ధీమా ఇప్పుడు పనికిరాదు. ఆ గదుల్లో వేరే ఏ ఒక్కటి ఆన్‌లో ఉన్నా న్యూట్రల్ వైపు నుంచి హోల్డరులోకి 230 వచ్చేస్తుంది. డీబీలో మెయిన్ ఆపకుండా ఏ హోల్డరులోనూ చెయ్యి పెట్టకండి.

మూడో_పిన్ను

ఎర్త్‌ని న్యూట్రల్‌గా వాడే విషయం. బల్బు వెలిగిందంటే ఫేజ్ బాగుంది, ఎర్త్ వైరు దాన్ని నేలలో పాతిన గుంట దాకా తెగకుండా ఉంది, ఆ రెండే తెలిశాయి. అది పరీక్షగా పనికొస్తుంది, వైరింగుగా కాదు.

లెక్క చూడండి. మీ ఎర్త్ గుంట రెసిస్టెన్సు 20 ఓమ్‌లు అనుకుందాం. వేసవిలో గుంటలో నీళ్లు పోయకపోతే అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఒక ఫ్యాను, ఒక లైటు కలిపి అర ఆంపియరు. 0.5 × 20 = 10 ఓల్టులు ఎర్త్ వైరు మీదికి వస్తాయి. ఎవరికీ తెలియదు. "చూశారా, ఏమీ కాలేదు" అనుకుంటారు. అసలు ఉచ్చు అక్కడే ఉంది. తర్వాత ఎవరో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెడతారు. దాని రెసిస్టెన్సు దాదాపు 53 ఓమ్‌లు, గుంటది 20, రెండూ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి 230 ని ఆ నిష్పత్తిలో పంచుకుంటాయి. గుంట వాటాకి 63 ఓల్టులు. 2000 వాట్ల గీజరైతే దాదాపు 99 ఓల్టులు. ఆ ఓల్టేజీ ఎక్కడ ఉంటుంది? ఇంట్లో ఎర్త్ తగిలించిన ప్రతి ఇనుప ఒంటి మీదా. ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషీన్ బాడీ, మోటారు పైపు. తడి కాళ్లతో ముట్టుకుంటే అంతే సంగతులు.

ఎప్పుడైనా గుంట దగ్గర నట్టు తుప్పుపట్టి ఎర్త్ వైరు ఊడిందనుకోండి, 63 కాదు, 99 కాదు, 230 మొత్తం ఫ్రిజ్ తలుపు మీదికి వస్తుంది. పైన ఓమ్_శాంతి గారు చెప్పిన "రిటర్న్" అప్పుడు ఇంటి నిండా ఉంటుంది.

డిప్లొమా_కుర్రాడు

ఒక సందేహం మాస్టారూ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని ఎర్త్ చేస్తారు కదా. అప్పుడు రెండూ ఎలక్ట్రికల్‌గా ఒకటే పాయింటు. ఇంటి దగ్గర కలిపితే తేడా ఏముంటుంది?

మూడో_పిన్ను

అక్కడ ఒకటే, ఇక్కడ కాదు తమ్ముడూ. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ స్టార్ పాయింటుని (న్యూట్రల్ మొదలయ్యే చోటు) నేలకి కడతారు, నిజమే. అక్కడ్నుంచి మన ఇంటికి రెండు దారులు. ఒకటి న్యూట్రల్ తీగ, మొత్తం కలిపి ఒక ఓమ్ లోపు ఉంటుంది. ఇంకొకటి మట్టి: మన గుంట రెసిస్టెన్సు, దానికి తోడు ట్రాన్స్‌ఫార్మర్ గుంట రెసిస్టెన్సు. ఊరు ఒకటే అయినా తారురోడ్డు, చెరువు గట్టు బురదదారి ఒకటి కావు.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది, డిప్లొమా పుస్తకాల్లో త్వరగా దాటేస్తారు. గీజరు లోపల ఫేజ్ వైరు దాని ఇనుప ఒంటికి తగిలిందనుకో. కరెంటు గుంట గుండా పారాలి. 230 ని 20 తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి చలించదు, గంటలకొద్దీ అలాగే ఉంటుంది. అంటే "ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, భయం లేదు" అనేది మన ఇళ్ల గుంటలతో చెల్లే మాట కాదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ. అది ఫేజ్‌లో వెళ్లిన కరెంటునీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటునీ పోల్చి తేడా కనిపెడుతుంది, గుంట ఎంత చెత్తగా ఉన్నా పట్టించుకోదు. హాలు_వెలుగు గారూ, మీ డీబీలో అది లేకపోవడం ఈ న్యూట్రల్ కంటే పెద్ద లోపం.

కటింగ్_ప్లేయర్

సిద్ధాంతం అయిందిగా, తెగింది ఎక్కడో వెతుకుదాం.

వంటగది, పడకగది పనిచేస్తున్నాయి కాబట్టి సర్వీసు వైరు, మీటరు, మెయిన్ స్విచ్చు దాకా న్యూట్రల్ బాగుంది. హాలూ ముందుగదీ రెండూ పోయాయి కాబట్టి తెగింది ఆ రెంటికీ ఉమ్మడి దారిలో, అంటే డీబీలోని న్యూట్రల్ పట్టీ నుంచి హాల్లోకి వచ్చే మొదటి బోర్డు లేదా జంక్షన్ బాక్సు లోపు. ముందుగది ఒక్కటే పోయుంటే వెతకాల్సింది హాలు తర్వాత.

మెయిన్ ఆపండి. ఆపాక నమ్మకండి. పాత ఇళ్లలో మెయిన్ ఒక్క ఫేజ్‌నే ఆపే రకం కావొచ్చు. ముందు మీటరుని వంటగది ప్లగ్గులో పెట్టి అది పనిచేస్తోందని చూసుకోండి, తర్వాత మెయిన్ ఆపి డీబీలో మూడు జతలూ మీటరుతో కొలవండి: ఫేజ్ న్యూట్రల్, ఫేజ్ ఎర్త్, న్యూట్రల్ ఎర్త్. మూడూ సున్నా వస్తేనే స్క్రూడ్రైవరు పెట్టండి. మెయిన్ స్విచ్చు పై టెర్మినల్స్‌లో మాత్రం మీటరు వైపు నుంచి కరెంటు ఉంటూనే ఉంటుంది, వాటి జోలికి పోవద్దు.

మొదట చూడాల్సింది న్యూట్రల్ పట్టీ, నల్ల వైర్లన్నీ వచ్చి చేరే ఇత్తడి కడ్డీ. ఒక్కో వైరునీ పట్టుకుని మెల్లగా లాగండి. కదిలింది దోషి. కదలకపోయినా స్క్రూ దగ్గర ఇన్సులేషన్ గోధుమరంగులోకి మారి గట్టిబడి ఉంటే దాన్ని విప్పి చూడాల్సిందే. స్క్రూ బిగువుగానే ఉండి, కింద రాగితీగ కాకుండా ఇన్సులేషన్ నలిగి ఉన్న కేసులూ ఉంటాయి.

అక్కడ బాగుంటే హాలు ఎంసీబీ దించి, ఆ రెండు గదుల్లో అన్నీ పీకేసి, ఒక 15 మీటర్ల విడి వైరు తీసుకోండి. ఒక చివర న్యూట్రల్ పట్టీకి క్లిప్పు వేయండి, ఇంకో చివరా మీటరూ తీసుకుని హాలు ప్లగ్గు దగ్గరికి వెళ్లి ఎడమ కన్నానికీ ఆ వైరుకీ మధ్య ఓమ్ రేంజిలో చూడండి. బాగున్న వైరింగైతే ఒక ఓమ్ లోపు వస్తుంది. 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) రాగివైరు మీటరు పొడవుకి 0.012 ఓమ్, లెక్క మీరే వేసుకోవచ్చు. మీకు తెగినట్టే చూపిస్తుంది, లేదా వందల్లో, వేలల్లో ఊగుతుంటుంది. ఇప్పుడు మధ్యలో ఉన్న జంక్షన్ బాక్సు విప్పి అక్కడ కొలవండి. అక్కడ బాగుంటే అవతలి సగం, లేకపోతే ఇవతలి సగం. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే నాలుగైదు కొలతల్లో దొరుకుతుంది. గోడ మధ్యలో పైపులోపల వైరు దానంతటదే తెగడం చాలా అరుదు. తెగేది జాయింటులోనే, కాబట్టి గోడ పగలగొట్టే ఆలోచన చివరిది.

ఇంకొకటి. పాతకాలపు ఇళ్లలో ఫేజ్‌కొకటి, న్యూట్రల్‌కొకటి పింగాణీ కటౌట్లు (ఫ్యూజు తీగ చుట్టే దిమ్మలు) పెట్టేవారు. న్యూట్రల్ కటౌట్‌లో ఫ్యూజు తీగ కాలిందంటే అచ్చం మీ లక్షణాలే. అలాంటిది కనిపిస్తే అందులో ఫ్యూజు తీగ కాదు, నేరుగా లావు రాగి లింకు ఉండాలి. ఫ్యూజైనా సింగిల్ పోల్ ఎంసీబీ అయినా ఫేజ్‌లోనే, న్యూట్రల్‌లో పెట్టకూడదు. కారణం మీ ఇల్లే ఇప్పుడు చూపిస్తోంది: న్యూట్రల్ ఒక్కటే తెగితే వస్తువులు చచ్చినట్టుంటాయి, వైర్లు మాత్రం బతికే ఉంటాయి.

ఎల్ఈడీ సంగతి వేరు. రెండు కారణాల్లో ఒకటి. స్విచ్చు ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పడితే, స్విచ్చు ఆపినా హోల్డరులో ఫేజ్ ఉంటూనే ఉంటుంది. అలా ఉంటే బోర్డులో వైర్లు మార్చాలి, అది భద్రతకి సంబంధించినది. అలా కాకపోతే, స్విచ్చు నుంచి వచ్చే వైరు, పక్కనే ఎప్పుడూ బతికుండే ఫేజ్ వైరు పది మీటర్లు ఒకే పైపులో పోతుంటే రెండూ కలిసి చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. వంద మైక్రో ఆంపియర్ల లోపు కరెంటు కారుతుంది. పాత ఫిలమెంటు బల్బుకి అది లెక్కే కాదు, ఎల్ఈడీ డ్రైవరు మాత్రం దాన్ని పోగుచేసుకుని ఒకసారి మెరిసి ఆగుతుంది. ఇండికేటర్ దీపం ఉన్న స్విచ్చైనా ఇదే పని చేస్తుంది. బల్బుకి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్, 275 ఓల్టుల ఎక్స్2 రకం (ఏసీ లైను మీద పెట్టేందుకు చేసిన) కెపాసిటరు పెడితే ఆగుతుంది. మామూలు డీసీ కెపాసిటరు పెట్టకండి, పేలుతుంది.

హాలు_వెలుగు

దొరికింది. పరీక్షలో ఓమ్_శాంతి గారు చెప్పినట్టే టెస్టర్ ఆరి, ఫ్యాను స్విచ్చు వేస్తే వెలిగింది. న్యూట్రల్ పట్టీ బాగానే ఉంది. హాలు స్విచ్చుబోర్డు పైన జంక్షన్ బాక్సులో మూడు నల్ల వైర్లు మెలేసి టేపు చుట్టి ఉన్నాయి. టేపు కరిగి బూడిదలా ఉంది, డీబీ నుంచి వచ్చే వైరు విడిపోయింది. కొసలు నల్లగా మాడాయి.

అర్థంకానిది ఒకటే. అక్కడ ఇస్త్రీపెట్టె తప్ప పెద్ద లోడు ఎప్పుడూ లేదు. అంత కాలేదాకా ఎంసీబీ ఎందుకు పడలేదు? అది 16 ఆంపియర్లది.

ఓమ్_శాంతి

ఎంసీబీ చూసేది కరెంటుని. వదులు జాయింటు కరెంటుని పెంచదు, తగ్గిస్తుంది. షార్ట్ సర్క్యూట్ అంటే రెసిస్టెన్సు సున్నాకి పడిపోయి కరెంటు వందల ఆంపియర్లకి ఎగబాకడం, మీకు జరిగింది దానికి తిరగబడ్డ వ్యవహారం. ఎంసీబీ దృష్టిలో మీ హాలు బుద్ధిమంతుడైన సర్క్యూట్.

వేడి మాత్రం కరెంటు వర్గాన్ని రెసిస్టెన్సుతో హెచ్చిస్తే వస్తుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.35 ఆంపియర్లు. మెలేసిన జాయింటు వదులై ఒక ఓమ్ అయిందంటే 4.35 × 4.35 × 1, దాదాపు 19 వాట్లు. రేడియో రిపేరు షాపులో టంకం వేసే 25 వాట్ల ఐరన్ సంగతి తెలుసుగా, కాస్త తక్కువగా అదే మీ గోడలో టేపు చుట్టుకుని కూర్చుంది. వేడికి రాగి పైన ఆక్సైడు కడుతుంది, ఆక్సైడు రెసిస్టెన్సు పెంచుతుంది, రెసిస్టెన్సు ఇంకాస్త వేడి. వైరంతా చల్లగానే ఉంటుంది, ఆ అరంగుళం మాత్రం మాడుతుంది.

ముందస్తు గుర్తులు కొన్ని ఉంటాయి: ఇస్త్రీపెట్టె వేయగానే లైటు గుంజుకోవడం, బోర్డు దగ్గర చిటచిట, స్విచ్చు ప్లాస్టిక్ వేడెక్కినప్పుడు వచ్చే ఎండుచేపల లాంటి కంపు.

కటింగ్_ప్లేయర్

మాడిన రాగిని ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ మెలేయకండి. మెత్తబడిన తీగకి బిగువు నిలవదు. తళతళలాడే రాగి, మెత్తటి ఇన్సులేషన్ వచ్చేదాకా వెనక్కి కోయండి, మామూలుగా రెండు మూడు అంగుళాలు పోతుంది. పొడవు చాలకపోతే అదే సైజు ముక్క కలపండి. 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఒలిచి, స్క్రూ కనెక్టరులో గానీ మీట నొక్కి బిగించే రకం కనెక్టరులో గానీ పెట్టండి. ఒలిచేటప్పుడు రెండు పోగులు తెగినా మళ్లీ ఒలవండి. టేపు ఇన్సులేషన్‌కే, పట్టుకి కాదు.

వైరు 1.5 స్క్వేర్ అయితే 16 ఆంపియర్ల ఎంసీబీ తీసి 10 ది పెట్టించండి. 16 కి 2.5 స్క్వేర్ ఉండాలి. కనెక్టరులో అల్యూమినియం, రాగి నేరుగా కలపకండి. పాత ఇళ్లలో సగం అల్యూమినియం వైరు ఉంటుంది. అది స్క్రూ కింద మెల్లగా పక్కకి జరిగి వదులవుతుంది, పైన ఆక్సైడు పొర కడుతుంది, రాగి తగిలి తేమ చేరితే తినేసుకుంటుంది. రెండు లోహాలకీ పనికొచ్చే లగ్గు (వైరు కొసకి నొక్కి బిగించే లోహపు తొడుగు) వాడాలి.

పని అయ్యాక స్విచ్చు వేసి ఫ్యాను తిరిగింది కదాని వదిలేయకండి. ఇస్త్రీపెట్టె పెట్టకముందు, పెట్టాక కుడి ఎడమ మధ్య ఓల్టేజీ కొలవండి. మూడు నాలుగు ఓల్టులు తగ్గితే మామూలే. పది, పదిహేను తగ్గితే దారిలో ఇంకో వదులు జాయింటు ఉంది. తర్వాత అదే లోడుతో ఎడమ కన్నానికీ ఎర్త్‌కీ మధ్య కొలిచి ఆ రీడింగు ఇక్కడ పెట్టండి.

లైను_మీద

ఈ చర్చ ఇంకెవరైనా చదువుతుంటే ఒక తేడా గుర్తుంచుకోవాలి. హాలు_వెలుగు గారిది ఇంటిలోపలి ఒక సర్క్యూట్‌లో తెగిన న్యూట్రల్, వస్తువులు ఆగిపోవడంతో సరిపోయింది. అదే న్యూట్రల్ వీధిలో స్తంభం మీదో, త్రీఫేజ్ సర్వీసున్న ఇంటి మెయిన్‌లోనో తెగితే కథ వేరు. వస్తువులు ఆగవు, కాలిపోతాయి.

వీధిలో మూడు ఫేజులూ ఇళ్లకి పంచి ఉంటాయి, న్యూట్రల్ అందరికీ ఒకటే. అది తెగితే మీ ఇల్లు, ఎదురిల్లు రెండూ న్యూట్రల్ మీద కలిసి సిరీస్‌లో పడి రెండు ఫేజుల మధ్య ఉన్న 400 ఓల్టుల్ని పంచుకుంటాయి. ఎదురింట్లో 1000 వాట్ల లోడు, అంటే 53 ఓమ్‌లు. మీ ఇంట్లో 200 వాట్లు, 265 ఓమ్‌లు. ఒకటికి ఐదు. కాబట్టి 400 లో వారికి 67 ఓల్టులు, మీకు 333. తక్కువ వాడుతున్న ఇంటికే దెబ్బ. సెలవులకి ఊరెళ్లి ఫ్రిజ్ ఒక్కటే ఆన్‌లో ఉంచిన ఇంట్లో సామాను కాలడానికి ఇదీ ఒక కారణం. నిజానికి మూడు ఫేజులూ, నేలకి తగిలే దారులూ కలిసి లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది, పోకడ మాత్రం ఇదే.

గుర్తులు: కొన్ని లైట్లు మరీ తెల్లగా, పక్కింట్లో ఎర్రగా గుడ్డిగా. ఎవరింట్లోనో మోటారు వేస్తే మీ ఫ్యాను వేగం మారడం. అది చూసిన క్షణమే మెయిన్ ఆపండి. ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ కూర్చుంటే మిగిలిన వాటికి ఓల్టేజీ ఇంకా పెరుగుతుంది, పై లెక్కలో మీ ఓమ్‌లు పెరిగినట్టు. తర్వాత 1912 కి ఫోన్ చేయండి. స్తంభం మీద పని లైన్‌మన్‌ది. డీబీలో ఎక్కువ తక్కువ ఓల్టేజీకి కట్ చేసే రిలే ఒకటి పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఎంసీబీ గానీ ఆర్సీసీబీ గానీ ఓల్టేజీని చూడవు.

త్రీఫేజ్ బోరు మోటారు మాత్రం ఇవేమీ పట్టకుండా తిరుగుతుంటుంది. దాని మూడు వైండింగులూ సమానం కాబట్టి న్యూట్రల్‌తో దానికి పనే లేదు. మోటారు తిరుగుతోంది కాబట్టి లైను బాగుందనుకోవద్దు.

ఆర్సీసీబీ పెట్టించుకునేవారికి ఇంకో మాట. దాని టెస్ట్ బటన్ పనిచేయడానికి ఫేజ్, న్యూట్రల్ రెండూ కావాలి. బటన్ నొక్కితే పడకపోతే వెంటనే పాడైందని పారేయకండి, దానికి న్యూట్రల్ చేరుతోందా చూడండి. ఎలక్ట్రానిక్ రకం ఆర్సీసీబీ అయితే న్యూట్రల్ లేనప్పుడు అసలు రక్షణే ఇవ్వకపోవచ్చు. ఎలక్ట్రోమాగ్నెటిక్ రకం అడిగి తీసుకోండి.

హాలు_వెలుగు

కనెక్టర్లు పెట్టించాను, ఎంసీబీ 10 కి మార్చారు. వైరు 1.5 స్క్వేరే. రీడింగులు: లోడు లేకుండా 229, ఇస్త్రీపెట్టెతో 226. అదే లోడుతో ఎడమ కన్నం, ఎర్త్ మధ్య 1.4 వస్తోంది. న్యూట్రల్ అంటే సున్నా ఉండాలి కదా, ఆ 1.4 ఎక్కడిది? పడకగది ఎల్ఈడీది ఇండికేటర్ స్విచ్చే, దానిపని తర్వాత చూస్తాను.

కటింగ్_ప్లేయర్

1.4 అంటే మంచి రీడింగు. మొత్తం 3 ఓల్టులు వైర్లలో పడుతోంది, వెళ్లే తీగలో సగం, వచ్చే తీగలో సగం. ఆ రెండో సగమే మీకు కనిపించేది. ఇస్త్రీపెట్టె ఆపితే అది పావు ఓల్టుకో ఇంకా కిందికో దిగుతుంది.

కచ్చితంగా సున్నా వచ్చి, లోడు వేసినా కదలకుండా ఉంటేనే అనుమానించాలి. అప్పుడు ఏదో ఒక బోర్డులో ఎవరో ఎడమ కన్నానికీ ఎర్త్‌కీ తీగముక్క వేసి ఉంటారు. మీకు సలహా ఇచ్చిన ఆయనలాంటి వారు ఇంతకుముందు కూడా వచ్చి ఉండొచ్చు కాబట్టి, మిగిలిన గదుల్లో కూడా ఇస్త్రీపెట్టె పెట్టి ఇదే రీడింగు ఒకసారి తీయండి. తీగముక్క ఉన్న చోట సున్నా వస్తుంది. అది తీసేయకుండా ఆర్సీసీబీ పెట్టిస్తే ఏ చిన్న లోడు వేసినా పడిపోతుంది, మీరు ఆర్సీసీబీనే తిడతారు.